లోవలక్ష్మి కాలు, అమ్మిరాజు నెత్తురు

లోవలక్ష్మి ఉప్పాడ పిల్ల. కాకినాడ జగన్నాథపురంలో ఉప్పుటేటి ఒడ్డునున్న చేపలవాళ్ళ పేటకి కోడలిగా వచ్చిన కొత్తల్లో ఆమె నడక చూసి ఆడవాళ్ళకి అసూయ పుట్టేది. నెత్తిన చేపల గంప పెట్టుకుని, రెండు చేతులూ వదిలేసి, వంతెన దాటి సంతదాకా ఒక్క ఊపున పోయేది. గంపలోంచి నీళ్ళు కారి భుజం తడుస్తున్నా మెడ కదిలేది కాదు. "ఇది నడవదే, తెరచాపెత్తిన నావలా పోద్ది" అనేది పక్కింటి అప్పాయమ్మ.

పాపాయి కడుపులో ఉండగా మొదటిసారి ఆ జ్వరం వచ్చింది. పళ్ళు టకటకలాడే చలి. గజ్జల్లో నిమ్మకాయంత బిళ్ల కట్టి, అక్కణ్ణుంచి మోకాలిదాకా ఎర్రటి చార దిగింది. కొన్నాళ్ళకి జ్వరం తగ్గింది గానీ పాదం మీద వాపు మాత్రం పూర్తిగా పోలేదు. తరవాత మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. వరద తీసినా మేట మిగిలినట్టు, వచ్చిపోయిన ప్రతిసారీ కాస్త వాపు వదిలిపెట్టే పోయింది. పాపాయి తప్పటడుగులు వేసేనాటికి తల్లి ఎడమకాలు మోకాలి కింద అరటిబోదెలా తయారైంది.

తెల్లదొరల రాణీగారు పోయి, ఆవిడ కొడుకు గద్దెనెక్కిన రోజులవి. ఆ తీరంలో బోదకాలు ఎవరికీ వింత కాదు. ప్రతి వీధిలోనూ ఒకళ్ళో ఇద్దరో ఉండేవారు. అయితే అమ్మిరాజు ఇంట్లో మాత్రం ఏ తరంలోనూ ఎవరికీ లేదు. అందుకే అతని తల్లి మరిడమ్మకి అది కోడలు పుట్టింటినుంచి వెంట తెచ్చుకున్నదనే అనిపించింది.

మరిడమ్మ చెడ్డ మనిషి కాదు. కలరా వచ్చిన ఏడాది మొగుణ్ణీ, ఇద్దరు పిల్లల్నీ పోగొట్టుకుని, మిగిలిన ఒక్క కొడుకునీ రెక్కల కింద దాచుకుని పెంచిన మనిషి. భయం ఆవిడకి రెండో ఊపిరి. కోడలి చాప వేరు చేసింది. నీళ్ళ ముంత వేరు చేసింది. పాపాయికి పాలు మాన్పించగానే, "పిల్లని నీ పక్కలో పడుకోబెట్టుకోకే తల్లీ, దానికి నీ కాలు తగిలితే దాని బతుకేం కాను?" అని తండ్రి పక్కలో వేసింది. అత్త చెప్పింది నిజమేనని లోవలక్ష్మీ నమ్మింది. గోడ అవతల పిల్ల నిద్రలో కలవరిస్తుంటే, లేచి వెళ్ళకుండా చాప అంచు పట్టుకుని పడుకునేది.

అమ్మిరాజు ఆ పేటలో పేరున్న తెడ్డుగాడు. ఓడరేవులో పెద్ద ఓడలు దూరంగా లంగరేస్తే, బస్తాలు మోసే పడవల్ని అలల మీద నడిపేవాడు. చేపల కాలంలో వలకి పోయేవాడు. ఒళ్ళు ఇనప్పెట్టె. తలనొప్పి అన్న మాట అతని నోట ఎవరూ వినలేదు. పెళ్ళాన్ని కొట్టేవాడూ కాదు, తిట్టేవాడూ కాదు. కాలు సంగతి మాత్రం ఎన్నడూ ఎత్తేవాడు కాదు. ఆమె ఎదురొస్తే చూపు నేలమీదికి దించకుండా మొహం వైపే మాట్లాడేవాడు. అది తనమీద దయో, రోతో లోవలక్ష్మికి ఎప్పటికీ అర్థం కాలేదు.

జిల్లేడాకు కట్టారు. పిక్క మీద వాతలు పెట్టించారు. అమ్మవారికి మొక్కుకున్నారు. అమావాస్య దగ్గరపడుతుంటే ఇల్లంతా బిక్కుబిక్కుమంటూ ఉండేది, జ్వరం అమావాస్యకో పున్నానికో వస్తుందని అందరూ చెప్పేవారు కాబట్టి. అది ఆ రెంటికీ వచ్చేది, మధ్యలోనూ వచ్చేది.

ఒక వానాకాలం జ్వరం మరీ ముదిరింది. ఆమె ఒంటిమీద తెలివి లేకుండా ఏదేదో మాట్లాడుతుంటే అప్పాయమ్మ తలుపు దగ్గర నిలబడి కేకలేసింది. "ఏంటి మరిడమ్మా, కోడలిపిల్లని చంపుకుంటారా ఏంటి? వంతెన అవతల ఆస్పత్రికి కొత్త డాక్టరుగారొచ్చారంట. తీసుకెళ్ళండి ముందు!"

అమ్మిరాజు ఆమెను మంచంతో సహా, మరో ముగ్గురి సాయంతో మోయించుకుని వెళ్ళాడు.

ఆ కొత్త డాక్టరు పేరు పల్లంరాజు. భీమవరం వైపు రైతుల బిడ్డ. మద్రాసులో వైద్యం చదివి వచ్చాడు. నడివయసు ఇంకా రాలేదు గానీ జుట్టు అప్పుడే నెరిసింది. ఆయన జ్వరం చూశాడు, నాడి చూశాడు, తరవాత ఒక ముక్కాలిపీట లాక్కుని ఆమె పాదాల దగ్గర కూచున్నాడు.

కాస్త తెలివొచ్చిన లోవలక్ష్మి కాలు వెనక్కి లాక్కోబోయింది. "ముట్టుకోకండి బాబూ."

"ముట్టుకోకుండా ఎలా చూడనమ్మా?" అని ఆయన వట్టి చేతుల్తో ఆమె కాలివేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, సందుల్లో చూశాడు. అత్తా, మొగుడూ, కన్నకూతురూ తాకని కాలు అది. లోవలక్ష్మి మొహం గోడవైపు తిప్పుకుంది. కళ్ళనించి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. జ్వరమని డాక్టరు అనుకున్నాడు.

"ఇదిగో, ఇక్కడుంది" అన్నాడాయన. వేళ్ళ సందుల్లో తడికి చర్మం పాచిపోయి పగిలి ఉంది. "నీ జ్వరానికి దారి ఇదమ్మా. అమావాస్యా కాదు, పున్నమీ కాదు. ఈ పగుళ్ళలోంచి మురికి లోపలికి పోతోంది. వాపెక్కిన కాలికి దాన్ని తట్టుకునే శక్తి లేదు."

ఆస్పత్రిలో ఉంచి మందునీళ్ళతో కడిగించాడు. కాలు దిండుమీద ఎత్తి పెట్టించాడు. జ్వరం దిగాక ఇంటికి పంపుతూ చెప్పాడు. "మందుతో ఈ వాపు తీసెయ్యడం నాకు చేతకాదు, ఎవరికీ చేతకాదు. అబద్ధం చెప్పను. కానీ జ్వరం రాకుండా చూసుకోవచ్చు. రోజూ కుంకుడురసంతో కడుక్కో. కాచి చల్లార్చిన నీళ్ళు పొయ్యి. మెత్తటి గుడ్డతో వేళ్ళ మధ్య తడి లేకుండా ఒత్తు. పొద్దున్నే వేళ్ళ దగ్గర్నించి మోకాలిదాకా గుడ్డ చుట్టు. పడుకున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టు. ఒక్క రోజు కూడా మానకు."

"ఆయ్, అలాగేనండి" అంది లోవలక్ష్మి.

అయితే ఇంటికొచ్చాక ఆ పని అనుకున్నంత సులువు కాలేదు. వంగితే పొట్టకి అడ్డం వచ్చే కాలు అది, మడమ వెనక వైపు చెయ్యి అందేది కాదు. కట్టె కొని నీళ్ళు కాచే ఇల్లూ కాదు. సాయం అడిగితే ఎవరు ముట్టుకుంటారు? చేతనైనంత చేసుకుంటూ వచ్చింది.

నెల తిరిగాక పల్లంరాజు డాక్టరు తనే పేటకి వచ్చాడు. ఊళ్ళో ఇంతమందికి బోదకాలు ఎందుకొస్తోందో చూడాలని ఆయన పట్టుదల. ఈ జబ్బు తెచ్చే సన్నటి పురుగులు పగలంతా ఒంట్లో ఎక్కడో లోతున దాగి, జనం పడుకునే వేళకే పైనెత్తురులోకి వస్తాయట. అందుకని భోజనాలయ్యాక లాంతరు పట్టుకుని వచ్చి, వేలికొసన సూదితో గుచ్చి, ఒక్క చుక్క నెత్తురు ఇమ్మని అడిగాడు. ఎవరూ ముందుకి రాలేదు. దొరలు నెత్తురు పట్టుకెళ్ళి వంతెన స్తంభాల్లో పోస్తారని ఒకడన్నాడు.

అమ్మిరాజు నవ్వి చెయ్యి చాపాడు. "నాది తియ్యండి బాబూ. మా ఇంట్లో ఉన్నది దీనికొక్కదానికే. నాలో ఏముంటుంది? కల్లు తప్ప ఏమీ ఉండదు." అందరూ నవ్వారు. డాక్టరు అతనిదీ, లోవలక్ష్మిదీ, నిద్రపోతున్న పాపాయిదీ చుక్కలు గాజుపలకల మధ్య పట్టి, చుట్టూ ఏదో జిడ్డు పూసి మూసి, తీసుకెళ్ళాడు.

మర్నాడు పొద్దున్న ఆస్పత్రి నుంచి పిలుపు వచ్చింది. ఇంటిల్లిపాదీ రమ్మని. మరిడమ్మ పాపాయిని చంకనేసుకుంది. దారిపొడవునా నోట్లో ఏదో గొణుక్కుంటూనే ఉంది.

కిటికీ దగ్గర బల్ల మీద ఇత్తడి గొట్టం ఒకటి నిలబెట్టి ఉంది. దాని కింద చిన్న అద్దం, పైన కన్ను పెట్టి చూసే అద్దం. "ఒక కన్ను మూసుకుని ఇందులోకి చూడు" అన్నాడు డాక్టరు అమ్మిరాజుతో.

అమ్మిరాజు వంగి చూశాడు. మొదట తన కనురెప్పలే కనిపించాయి. తరవాత ఒక్కసారిగా అతని భుజాలు బిగుసుకున్నాయి. కాసుల్లా గుండ్రటి మచ్చలు గుంపులుగుంపులుగా ఉన్నాయి. వాటి మధ్య సన్నటి పురుగొకటి, ఒడ్డున పడేసిన బొమ్మిడాయి చేపలా మెలికలు తిరుగుతూ, ఆ కాసుల్ని అటూ ఇటూ తన్నేస్తోంది. పక్కన ఇంకొకటి. డాక్టరు పలకను కాస్త జరిపితే మరొకటి.

"ఓరి నాయనో" అన్నాడు అమ్మిరాజు. "ఎన్నున్నాయండీ! ఇన్నింటిని ఒంట్లో పెట్టుకుని ఇది ఎలా బతుకుతుందండీ బాబూ?"

"ఎవరు?"

"ఇదేనండి. మా ఆడది."

పల్లంరాజు డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "అమ్మిరాజూ, ఇది ఆమె నెత్తురు కాదు. ఆమె నెత్తురు రెండుసార్లు చూశాను, ఒక్కటీ లేదు. ఇది నీది."

అమ్మిరాజు తన వేలికొస తిప్పి చూసుకున్నాడు. తరవాత మళ్ళీ గొట్టంలోకి చూశాడు, ఈసారి చాలాసేపు.

"నాకేం జబ్బు లేదు కదండీ" అన్నాడు చివరికి. గొంతు చిన్నపిల్లాడిదిలా ఉంది. "జ్వరం కూడా ఎన్నడూ రాలేదు కదండీ."

"అదే ఇందులో తమాషా. నువ్వూ చూడమ్మా."

లోవలక్ష్మి ఎవరి సాయం లేకుండా లేచి బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆమె పురుగుల్ని చూసింది. వాటితో పాటు ఇంకోటీ చూసింది. కాసులకన్నా పెద్దగా, తెల్లగా, మెత్తగా, ముద్దలా ఉన్నదొకటి మెల్లగా ఆకారం మార్చుకుంటూ పాకుతోంది. పురుగు దాన్ని రాసుకుంటూ పోయింది. అది పట్టించుకోలేదు.

"ఆ తెల్లగా ఉన్నదేంటండి?"

డాక్టరు మొహం విప్పారింది. "బాగా చూశావు. అవి మన నెత్తుట్లో కాపలావాళ్ళనుకో. ఒంట్లోకి బయటి మురికి వస్తే వెళ్ళి మింగేస్తాయి. జ్వరంలో నీ కాలినించి తీసిన చీము ఇందులోనే పెట్టి చూశాను. అందులో ఇవే ఉన్నాయి, కడుపు పట్టనంత మింగేసి."

"మరి ఈ పురుగుని మింగవేం?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "అదే నాకూ తెలీదమ్మా. తెలిసినవాళ్ళు ఎవరూ ఉన్నట్టు లేదు. పురుగు పెద్దది, మింగుడు పడదని కొందరు అనొచ్చు. కానీ ఏళ్ళ తరబడి ఒంట్లో ఉంటే కనీసం గొడవైనా జరగాలి కదా? జ్వరం రావాలి, వాపు రావాలి. ఇతనిలో ఏదీ లేదు. నాకేమనిపిస్తుందంటే, ఈ పురుగు ఏదో చేసి కాపలావాళ్ళ కళ్ళు కప్పుతోంది. నేనూ ఈ ఇంటివాణ్ణే అన్నట్టు తిరుగుతోంది. కళ్ళు కప్పడమే కాదు, వాళ్ళని జోకొట్టి పడుకోబెడుతోందేమో కూడా. దొంగ కుక్కకి ముందు చేపముక్క వేస్తాడు చూడు, అలా. కుక్క మొరగకపోతే ఇంటాయన హాయిగానే నిద్రపోతాడు. ఇల్లు దొంగలదైపోయినా."

అమ్మిరాజు తల దించుకున్నాడు.

"మరి నాకు?" అని అడిగింది లోవలక్ష్మి.

"నీ ఒంట్లోకీ అవి వచ్చే ఉంటాయి. కానీ నీ కాపలావాళ్ళు వాటి మాయలో పడినట్టు లేరు. మేలుకున్నారు, పోట్లాడారు. అందుకే నీ నెత్తుట్లో ఒక్కటీ మిగల్లేదనుకుంటాను. అయితే పోట్లాట ఊరికే పోదు కదమ్మా. ఒంట్లో నీరు పారే సన్నటి కాలవలుంటాయి. పెద్ద పురుగులు కాపురం పెట్టేదీ అందులోనే, యుద్ధం జరిగేదీ అందులోనే. ఆ యుద్ధంలో నీ కాలవలు పూడిపోయాయి. మురుగుకాలవ పూడితే చేలో నీరు ఏమవుతుంది?"

"నిలిచిపోద్దండి."

"అదే నీ కాలు." ఆయన మళ్ళీ, "ఇదంతా నా ఊహ సుమా. రేపు ఎవరైనా తప్పని తేల్చినా తేల్చొచ్చు. కానీ ఒకటి మాత్రం ఊహ కాదు. ఇది నీ పాపమూ కాదు, నీ పుట్టింటిదీ కాదు. కాలు తగిలితే అంటుకునేదీ కాదు. ఇది దోమ వల్ల వస్తుంది. పురుగున్నవాళ్ళ నెత్తురు తాగిన దోమ, కొన్నాళ్ళు పోయాక ఇంకొకరిని కుట్టినప్పుడు వాళ్ళకి అంటిస్తుంది. పెద్ద పెద్ద వైద్యులు ఈ మధ్యనే రూఢి చేశారు" అన్నాడు.

అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడ్డ మరిడమ్మ మెల్లగా గోడకి జారి కూలబడింది.

"దోమలా? పురుగున్నవాళ్ళని కుట్టి, పక్కవాళ్ళనా?" అంది. "పిల్ల వాడి పక్కలోనే కదా పడుకుంటంది. నేనే కదా పడుకోబెట్టింది. ఈ చేతుల్తోనే కదా తల్లి దగ్గర్నించి తీసుకెళ్ళి..." పాపాయిని గుండెకి అదుముకుని కుదిపి కుదిపి ఏడ్చింది.

లోవలక్ష్మికి అత్త మీద కోపం రావలసింది. ఆ తరవాత చాలాసార్లు ఆలోచించింది, ఎందుకు రాలేదా అని. ఆ క్షణంలో ఆమెకి తోచినదల్లా ఒకటే. ఆవిడ పక్కన కూచుని, "ఊరుకో అత్తా, నీకు మాత్రం తెలుసా ఏంటి, నాకు మాత్రం తెలుసా?" అంది.

"పాప నెత్తుట్లో ఏమీ లేవమ్మా, నేను చూశాను" అన్నాడు డాక్టరు గబగబా. "అందుకే మిమ్మల్నందర్నీ రమ్మన్నాను. ఇప్పుడు లేవు. రేపు రాకుండా చూడండి. దోమతెర కట్టండి. అన్నిటికన్నా ముందు ఇతనికి కట్టండి, దోమ ఇతని దగ్గరికి పోకుండా. ఇంటి చుట్టూ మురికినీళ్ళ గుంటలు పూడ్చండి."

మరిడమ్మ లేచి, చీర చెంగుతో మొహం తుడుచుకుని, పాపాయిని తీసుకొచ్చి కోడలి ఒళ్ళో పెట్టింది. పిల్లకి తల్లి ఒడి కొత్త. కాసేపు బెదురుగా చూసి, తరవాత తల్లి మెడలో పూసలు పట్టుకుని ఆడుకోవడం మొదలుపెట్టింది.

తిరిగి వస్తూ వంతెన మీద అమ్మిరాజు ఆమె పక్కనే, ఆమె నడకకి తగ్గట్టుగా నెమ్మదిగా నడిచాడు. ఏటిలో పోటు తగ్గి బురద కనిపిస్తోంది. సగం దూరం వచ్చాక అడిగాడు.

"లోవా, ఆ జ్వరమొచ్చినప్పుడు బాగా నొప్పెట్టేదా?"

పాపాయి పుట్టకముందు నుంచీ ఉన్న కాలు. అతను ఆ సంగతి అడగడం అదే మొదటిసారి. లోవలక్ష్మి నవ్వుదామనుకుంది గానీ నవ్వు రాలేదు.

"పెట్టేది మావా. గజ్జల్లో నిప్పుకణిక పెట్టినట్టుండేది."

అతను తలూపాడు. ఇంటికి చేరేదాకా పాపాయిని తన భుజమ్మీద మోశాడు. గుమ్మంలో ఆమెకి అందించి, "ఇంక నీ దగ్గరే పడుకోనీ" అన్నాడు.

ఆ రాత్రి పిల్ల చెయ్యి తన మెడ చుట్టూ పడి ఉంటే లోవలక్ష్మి ఒత్తిగిలి కూడా పడుకోలేదు, ఎక్కడ కదిలితే చెయ్యి జారిపోతుందోనని. తన ఒంట్లోనే ఎవరో తన తరఫున పోట్లాడారని, తను పాపపు మూట కాదని ఒక చదువుకున్న మనిషి చెప్పాడు. అది నిజమో కాదో దేవుడికెరుక. కానీ అలా చెప్పినవాళ్ళు ఇంతవరకు ఒక్కరూ లేరు.

అమ్మిరాజు అప్పటికే బజారు నుంచి పల్చటి గుడ్డ తెచ్చేశాడు. వలలు అల్లిన చేతులు కావడంతో దోమతెర కుట్టడం అతనికి కష్టం కాలేదు. ఇంట్లో ఓ మూల ఒకటి తనకి, ఇంకోటి తల్లీబిడ్డలకి. పేటలో కుర్రాళ్ళు వచ్చి చూసి, "వలేసేవోడే వల్లో పడ్డాడ్రోయ్" అని ఎగతాళి చేశారు. అతను పట్టించుకోలేదు. ఉక్కపోసే వేసవిలో ఊరంతా ఇసకలో చాపలేసుకుని పడుకుంటే, అమ్మిరాజు ఒక్కడూ చెమటలు కక్కుతూ తెరలో పడుకునేవాడు. "బయటకి రారా, గాలి పీల్చుకో" అని తల్లే ఒకోసారి జాలిపడేది. "నాకేం కాదే అమ్మా, ఎవరికో అవుద్ది" అనేవాడు.

మరిడమ్మ ఏమీ చెప్పకుండానే ఇంకో పని మొదలుపెట్టింది. మర్నాడు పొద్దున్న లోవలక్ష్మి కళ్ళు నులుముకుంటూ లేచేసరికి పెరట్లో నీళ్ళు కాగి చల్లారి ఉన్నాయి. చిప్పలో కుంకుడుకాయలు నానేసి ఉన్నాయి. మరిడమ్మ పీట మీద కూచుని, "ఇలా పెట్టు కాలు" అంది.

"అయ్యో, నువ్వెందుకత్తా..."

"పెట్టమంటంటే. నీకు మడమ అందదు కదా."

ముసలావిడ చేతులు గరుకు. చేపల పొలుసులు తీసి తీసి మొద్దుబారిన చేతులు. ఆ చేతుల్తో వేళ్ళ సందులు ఒక్కొక్కటీ విడదీసి, నురగ పట్టించి, కడిగి, పాత చీర ముక్కతో ఒత్తి ఒత్తి తుడిచింది. గుడ్డ చుట్టేటప్పుడు మొదట్లో వదులైపోయేది, తరవాత అలవాటైంది. వానొచ్చినా, పండగొచ్చినా ఆ పని ఆగలేదు. ఒకసారి మరిడమ్మకే జ్వరమొస్తే, పడుకున్నచోట నించే "కాలు కడుక్కున్నావా?" అని కేకేసింది.

జ్వరం మళ్ళీ రాకపోలేదు. ఒకసారి వచ్చింది, కానీ చప్పున తగ్గింది. తరవాత చాలాకాలం రాలేదు. అమావాస్యలు వచ్చి పోతూనే ఉన్నాయి, ఇంట్లో ఎవరూ వాటిని లెక్కపెట్టడం లేదు. కాలు మామూలు కాలేదు. అది అవదని ఆమెకి తెలుసు. కానీ తోలు మెత్తబడింది, బరువు కాస్త దిగింది. ఒక శీతాకాలం పొద్దున్న లోవలక్ష్మి గంప దులిపి, తలచుట్ట పెట్టుకుని, అమ్మిరాజు తెచ్చిన చందువ చేపలు అందులో పేర్చి, సంతకి బయల్దేరింది. వెనకటి ఊపు లేదు. మధ్యలో వంతెన మీద గంప దించి కూచుంది. అయినా వెళ్ళింది, అమ్మింది, వచ్చింది. ఇంటికొచ్చి గడప మీద కూలబడి, అత్తతో, "అందరూ నన్ను మర్చిపోయారనుకున్నానత్తా, పేరు పెట్టి పిలిచి కొన్నారు" అంది.

పల్లంరాజు డాక్టరుతో ఆ మాట చెప్పాలని ఆస్పత్రికి వెళ్తే ఆయన లేడు. ధవళేశ్వరం బదిలీ అయిపోయాడన్నారు. ఆమెకి ఏదో పోగొట్టుకున్నట్టయింది. ఆయన చెప్పకపోతే తన పిల్ల ఇంకా గోడ అవతలే పడుకునేది. ఆ మనిషికి ఒక్క మాటైనా చెప్పకుండా ఎలా?

"వెళ్దాం పద" అన్నాడు అమ్మిరాజు. "కాలవలో పడవలు పోతూనే ఉంటాయి కదా."

పాపాయిని నాయనమ్మ దగ్గర వదిలి, ఎండబెట్టిన కోనాం చేపలు అరటిపట్టలో చుట్టుకుని, ధాన్యం పడవ ఎక్కారు. గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగుతుంటే పడవ నింపాదిగా సాగింది. రెండు వైపులా వరిచేలు పాలుపోసుకుంటున్నాయి. సముద్రం తప్ప ఎరగని లోవలక్ష్మి ఆ పచ్చదనాన్ని నోరు తెరుచుకుని చూసింది. తన కాలిని తెరచాప తాడు చుట్ట మీద ఎత్తి పెట్టుకుంది.

ధవళేశ్వరంలో ఆస్పత్రి వరండా నిండా జనం. పల్లంరాజు డాక్టరు జుట్టు ఇంకా నెరిసింది. మొదట గుర్తుపట్టలేదు. లోవలక్ష్మి చీర కొంచెం పైకి పట్టి, చుట్టిన గుడ్డ విప్పింది. ఆయన కాలు చూసి గుర్తుపట్టాడు. అప్పటిలాగే ముక్కాలిపీట లాక్కుని కూచుని వేళ్ళు విడదీసి చూశాడు. ఎక్కడా పగులు లేదు, చెమ్మ లేదు.

"జ్వరం?"

"రాటంలేదండి. చాలాకాలమైందండి బాబూ. గంపెత్తుకుంటన్నానండి. మా అత్త కడుగుద్దండి రోజూ. ఈయన తెరలోనే పడుకుంటాడండి. మా పాపాయికి మళ్ళీ నెత్తురు చూపించామండి, అక్కడి కొత్త డాక్టరుగారు లేవన్నారండి." చెప్పాలనుకున్నవన్నీ ఒక్కసారిగా తోసుకొచ్చాయి. చేపల పొట్లం ఆయన కాళ్ళ దగ్గర పెట్టి దణ్ణం పెట్టబోయింది.

పల్లంరాజు ఆపేశాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి.

"నేనే నీకు దణ్ణం పెట్టాలమ్మా" అన్నాడు. "కనబడ్డ ప్రతి బోదకాలు మనిషికీ ఇదే చెప్తూ వస్తున్నాను. కడుక్కోండి, తుడుచుకోండి, ఎత్తు మీద పెట్టుకోండి అని. మందివ్వకుండా నీళ్ళు పొయ్యమంటాడేంటని నవ్వుకుంటూ పోతారు. మళ్ళీ ఒక్కరూ రారు. పనిచేస్తోందో లేదో నాకే తెలీదు. ఒకోసారి జనాన్ని మోసం చేస్తున్నానేమో అనిపించేది. తిరిగొచ్చి చెప్పింది నువ్వొక్కదానివే."

అమ్మిరాజు పక్కన నిలబడి, "మా అమ్మ కూడా మిమ్మల్ని అడిగానని చెప్పమందండి" అన్నాడు.

వరండాలో చివర ఒక ముసలి రైతు భార్య కూచుని ఉంది. రత్తమ్మట ఆవిడ పేరు. రెండు కాళ్ళూ వాచి ఉన్నాయి. కాళ్ళ మీద తువ్వాలు కప్పుకుని, ఈ మాటలన్నీ వింటోంది. లోవలక్ష్మి తనవైపు చూడగానే తువ్వాలు ఇంకా కిందికి లాక్కుంది.

ఆ లాక్కోవడం లోవలక్ష్మికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. ఆమె లేచి, వెళ్ళి, ఆవిడ ముందు నేలమీద కూచుంది.

"ఏంటమ్మా?" అంది రత్తమ్మ బెదురుగా.

"ఏం లేదండి పెద్దమ్మగారూ. ఆ కాలొకసారి ఇలా ఇవ్వండి" అని, లోవలక్ష్మి డాక్టరు వైపు తిరిగింది. "బాబూ, కాచిన నీళ్ళు ఓ చెంబెడు ఇప్పించండి. ఎలా కడగాలో ఈవిడకి చూపిస్తాను."

పల్లంరాజు డాక్టరు ఎవరినీ పిలవలేదు. తనే లోపలికి వెళ్ళి తెచ్చాడు.